ఇస్తాంబుల్‌లో ‘రైట్’: ఒక ఇంగ్లీషు మాట, దాని టర్కీ అర్థాలు



తెలుగు నిఘంటుకారుడు బ్రౌన్ స్మృతిలో ఈ సభలో మాట్లాడమన్నారు. ఆయన గురించి నాకన్నా బాగా చెప్పగలవాళ్లు నా ఎదురుగానే కూర్చుని ఉన్నారు. అందుకని ఆయన కాలంలోనే, ఆయన చేసిన పనే, మరో దేశంలో చేసిన ఒక మనిషిని పరిచయం చేసి, ఆ మనిషి పని మీదుగా ఒక మాట గురించి చెబుతాను.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో పుట్టి 1884లో పోయాడు. జేమ్స్ విలియం రెడ్‌హౌస్ 1811లో పుట్టి 1892లో పోయాడు. రెడ్‌హౌస్ తల్లిదండ్రులు లేని పిల్లవాడు. లండన్‌లో క్రైస్ట్స్ హాస్పిటల్ అనే ధర్మబడిలో చదువుకుని, 1826లో, ఇంకా మీసాలు రాని వయసులో ఇస్తాంబుల్ చేరాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఉస్మానీ (ఒట్టోమన్) ప్రభుత్వ కొలువులో దుబాసీ పని చేశాడు. ఆయన ఇంగ్లీషు-టర్కీ నిఘంటువు 1861లో లండన్‌లో వెలువడింది. టర్కీ-ఇంగ్లీషు మహానిఘంటువు 1890లో ఇస్తాంబుల్‌లో అచ్చయింది. దాన్ని అచ్చు వేయించింది అమెరికన్ మిషనరీలు. ఈనాటికీ టర్కీలో ఇంగ్లీషు చదివే పిల్లలకు రెడ్‌హౌస్ అంటే మనిషి కాదు, పుస్తకం. మనకు బ్రౌణ్యం ఉన్నట్టు.

ఇక మాట. ఇంగ్లీషులో ‘రైట్’. చిన్న మాట. బస్సు కండక్టరు నోట రోజూ వినేదే. ఇంగ్లీషు-టర్కీ నిఘంటువులో ఆ మాట దగ్గర ఆగితే ఒక్క సమానార్థకం కనబడదు. కుడివైపుకి ‘సా’. ఒప్పుకి ‘దోరు’. చట్టం ఇచ్చేదానికి ‘హక్’. తొంభై డిగ్రీలకి ‘దిక్’. సరిగ్గా అక్కడే అనడానికి ‘తమ్’. ఇంకా ఉన్నాయి కానీ ఈ అయిదూ చాలు. ఇంగ్లీషువాడిని అడిగితే అది ఒకే మాట అంటాడు, అలా అనడంలో అతని తప్పేమీ లేదు. ఆ మాటలో ఎన్ని అర్థాలు దాగి ఉన్నాయో ఆ భాష లోపల కూర్చుంటే కనబడదు. టర్కీ అయిదుగా విడదీసి చూపిస్తుంది. తెలుగూ దాదాపు ఆ చోట్లలోనే విడదీస్తుంది: కుడి, ఒప్పు, హక్కు, లంబం, సరిగ్గా. టర్కీతో మనకు భాషాకుటుంబ బాంధవ్యం ఏమీ లేదు. అయినా గీతలు ఇంచుమించు ఒకే చోట పడ్డాయి. ఈ వరసలో విడ్డూరం ఇంగ్లీషుదే అని నా అభిప్రాయం.

ముందు కుడిచేయి సంగతి. ‘రైట్’కి మూలార్థం తిన్ననిది. మన ఋజుమార్గంలోని ‘ఋజు’కీ దానికీ మూలం ఒకటే అని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. తిన్ననిది ఒప్పయింది, ఒప్పైన చేయి కుడిచేయి అయింది. పాత ఇంగ్లీషులో కుడిచేతికి వేరే మాట ఉండేది. దాని అర్థం ‘ఎక్కువ బలమున్నది’. తమిళంలో వలం అంటే కుడి, వల్ అంటే బలం. మన రైతులు కాడికి కట్టిన ఎడ్లలో కుడివైపు దాన్ని వలపలి ఎద్దు అంటారు. ఇంగ్లీషు పాతమాట, ద్రావిడపు మాట ఒకే దారిన పోయాయి. టర్కీది వేరే దారి. ‘సా’ అంటే మొదట ఆరోగ్యంగా, చెక్కుచెదరకుండా ఉన్నదని. రాతలో చివర ఒక గకారం ఉంటుంది. పలకడంలో అది కరిగిపోయి ముందున్న అచ్చు సాగుతుంది. మధ్య ఆసియాలోని కజక్కు, ఉజ్బెకు భాషల్లో కుడికి వేరే పాతమాట నిలిచింది. పడమరకు వచ్చిన టర్కీ, అజర్‌బైజానీ శాఖలో ఆరోగ్యమే కుడి అయింది.

అందుకే టర్కీవాళ్ల రోజువారీ మర్యాద అంతా ఈ మాట మీద నడుస్తుంది. కృతజ్ఞతకు ‘సా ఓల్’ అంటారు, అంటే చల్లగా బతుకు. మన పెద్దవాళ్లు సాయం చేసినవాళ్లతో అనేది అదేగా! చావు ఇంటికి వెళ్లి పరామర్శించేటప్పుడు ‘బాషనజ్ సా ఓల్సున్’ అంటారు, మీ తల చల్లగా ఉండాలి అని. పోయినవాళ్లు పోయారు, మిగిలిన మీరు బాగుండాలి అన్నది భావం. ఇదే ‘సా’ రాజకీయాల్లో మితవాదం కూడా. 1789లో ఫ్రెంచి సభలో ఎవరు ఏ పక్కన కూర్చున్నారన్న దాన్నుంచి పుట్టిన అర్థం అది, ప్రపంచమంతా తిరిగి అక్కడికీ చేరింది. తెలుగులో వామపక్షానికి ఎదురుగా దక్షిణపక్షం అని గట్టిగా నిలబడలేదు, మితవాదం అన్నాం. దాంతో మనకు ఎడమ ఒక దిక్కు, కుడి ఒక స్వభావం అయ్యాయి. అది సరైన పద్ధతి కాదనే అనుకుంటాను, కానీ వాడుకలో పడ్డాక ఎవరేం చేస్తారు?

‘దోరు’ అంటే తిన్నని, నిజమైన, ఒప్పైన. ‘ఎవె దోరు’ అంటే ఇంటివైపు. జామెట్రీ క్లాసులో ‘దోరు’ అంటే సరళరేఖ. కాబట్టి టర్కీ పిల్లవాడికి జామెట్రీలో రేఖ, పరీక్ష పేపరులో సరైన జవాబు, పొద్దుటే నాన్నతో చెప్పాల్సిన నిజం, మూడూ ఒక్క మాటే. అయితే రైట్ యాంగిల్ దగ్గర ఇంగ్లీషు వాడుకున్న తిన్నదనం టర్కీకి పనికిరాలేదు. అక్కడ ‘దిక్’ వచ్చింది. అంటే నిటారుగా నిలబడ్డది. మొండివాడిని ‘దిక్ కఫాల’ అంటారు, తల నిటారుగా ఉన్నవాడని.

ఈ ‘దిక్’ కోణం వెనక ఒక చరిత్ర ఉంది. ఉస్మానీ కాలపు బడిలో లంబకోణం ‘జావియే-ఇ కాయిమే’. మాటలు అరబ్బీవి, కట్టు పార్సీది. త్రిభుజం ‘ముసెల్లెస్’. చదువుకునే పిల్లవాడికి ముందు అరబ్బీ ధాతువులు తెలిస్తే గానీ త్రిభుజం అర్థమయ్యేది కాదు. 1928 నవంబరు 1న లాటిన్ లిపి చట్టం వచ్చింది. 1932 జులై 12న టర్కీ భాషాసంఘం ఏర్పడింది. 1936-37 చలికాలంలో దేశాధినేత ముస్తఫా కెమాల్ అతాతుర్క్ దొల్మాబాచె ప్యాలెస్‌లో కూర్చుని స్వయంగా ఒక జామెట్రీ పుస్తకం రాశాడు. చిన్నది, 44 పేజీలు. 1937లో ప్రభుత్వం అచ్చు వేసినప్పుడు రచయిత పేరు వేయలేదు. త్రిభుజానికి ‘ఉచ్‌గెన్’, కోణానికి ‘అచ’, ఇంకా వ్యాసానికి, సమానానికి, కూడికకు, తీసివేతకు ఇవాళ టర్కీ బడుల్లో వాడే మాటలు అందులోవే. ఆ ఏడాదే నవంబరులో సివాస్ పట్టణంలో ఒక పాఠశాలకు వెళ్లి, బోర్డు దగ్గర నిలబడి ఈ కొత్త మాటలతో పాఠం చెప్పాడు. దేశాధినేత జామెట్రీ పరిభాష చేయడం మన అనుభవంలో లేనిది. మంత్రుల మీద పద్యాలు రాసినవాళ్లున్నారు గానీ మంత్రులు పరిభాష రాసిన దాఖలా నాకు తెలిసి లేదు.

ఆగి ఒక్క సంగతి చూడండి. పాత మాటలోని ‘కాయిమే’ అంటే కూడా నిలబడ్డదే. కొత్త మాట ‘దిక్’ పాతమాటను పక్కకు తోసింది గానీ దాని చూపును మార్చలేదు. మన లంబకోణంలో ‘లంబ’ అంటే వేలాడేది. తాపీమేస్త్రి గుండుదారం వదులుతాడు చూడండి, ఆ దారం. తొంభై డిగ్రీలు టర్కీలో నేల మీంచి పైకి లేస్తే తెలుగులో పైనుంచి కిందికి దిగుతాయి. ఇంగ్లీషులో పైకీ లేదు, కిందికీ లేదు, సరిగ్గా ఉందంతే.

‘హక్’ దగ్గరికి వచ్చేసరికి మనం పరాయివాళ్లం కాము. అరబ్బీ హక్ పార్సీ మీదుగా ఇస్తాంబుల్ వైపూ వెళ్లింది, దక్కన్ వైపూ వచ్చింది. మనకు రెవెన్యూ కాగితాల వెంట వచ్చింది. హక్కుదారు, హక్కుభుక్తాలు అంటూ దస్తావేజుల్లో స్థిరపడింది. అందుకేనేమో తెలుగు హక్కుకి ఇప్పటికీ భూమి వాసన పోలేదు. స్త్రీలకు ఓటు హక్కు, సమాచార హక్కు అన్నా, ఎవరో కాగితం రాసిచ్చి ముద్ర వేసినట్టే వినిపిస్తుంది. టర్కీ స్త్రీలకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేసే, నిలబడే హక్కు 1934 డిసెంబరు 5న వచ్చింది. అక్కడి చట్టంలోనూ ఇదే హక్.

కానీ టర్కీలో హక్ చట్టంతో ఆగదు. పెద్దక్షరంతో రాస్తే అది దేవుడి పేరు, సత్యం. 922లో బాగ్దాదులో మరణశిక్షకు గురైన సూఫీ హల్లాజ్ తానే హక్ అన్నాడన్న కథ టర్కీ సూఫీ సంప్రదాయంలో అందరికీ తెలిసిందే. ఎదుటివాడి మాట ఒప్పుకునేటప్పుడు ‘హక్లసన్’ అంటారు, నువ్వు హక్కు ఉన్నవాడివి అని. ‘నీ మాట నిజం’ అని మనం అనేచోట వాళ్లు మనిషికే హక్కు అంటగడతారు. ఇంకా తమాషా, ‘గురించి’ అనడానికి ‘హక్కుందా’ అంటారు. తెలుగు చెవికి అది ప్రశ్నలా వినబడుతుంది. హక్‌కి అరబ్బీ బహువచనం ‘హుకూక్’. టర్కీలో అది ఏకవచనమై న్యాయశాస్త్రం అయింది. 1926లో స్విట్జర్లాండు పౌరస్మృతిని తెచ్చుకుని దేశం నడపసాగినా, మాట మాత్రం అరబ్బీదే మిగిలింది. ‘షరతు’కు కొత్త టర్కీ మాట పుట్టించారు, ‘తర్జుమా’కు పుట్టించారు. ఈ రెండూ మన మాటలు కూడా, గమనించారా! హక్ జోలికి వెళ్లి గెలిచినవాళ్లు లేరు.

ఎందుకు లేరో ఒక వాడుక చెబుతుంది. ‘కుల్ హక్కు’ అంటారు. కుల్ అంటే దాసుడు, దేవుడి దాసుడైన మనిషి. గోల్కొండ రాజ్యం స్థాపించిన సుల్తాన్ కులీ కుతుబ్ షా పేరులో ఉన్న కులీ ఈ తుర్కీ మాటే. ఆయన పుట్టింది తుర్కమాన్ వంశంలో, ఇరాన్‌లోని హమదాన్‌లో. కుల్ హక్కు అంటే తోటిమనిషికి మన మీద ఉన్న హక్కు. దేవుడికి చేసిన తప్పు దేవుడు మన్నిస్తాడు. మనిషికి చేసిన తప్పు ఆ మనిషే మన్నించాలి. చనిపోయినవారికి చేసే జనాజా నమాజు దగ్గర ఇమాము అక్కడున్నవాళ్లను అడుగుతాడు: ఇతని మీద మీకున్న హక్కులు వదులుకుంటారా అని. ‘హెలాల్ ఓల్సున్’ అంటారు అందరూ, వదులుకున్నాం అని. ఊరు వదిలి పోతూ కూడా ‘నీ హక్కు నాకు హలాలు చెయ్యి’ అని అడుగుతారు.

దీన్ని తెలుగులోకి ఎలా తేవాలి? హక్కు అని వేస్తే మాట అదే గానీ మనిషి వేరు. మనకు ఈ చోట ఉన్నది ఋణం. ఋణం తీర్చుకోవడం, ఋణానుబంధం. ఒకే లావాదేవీని టర్కీ ఇచ్చినవాడి వైపు నిలబడి చెబితే తెలుగు పుచ్చుకున్నవాడి వైపు నిలబడి చెబుతుంది. కాబట్టి రూపం ఒకటైన మాట దొరికినప్పుడే ఎక్కువ జాగ్రత్త పడాలి. హిందీ నుంచి తెచ్చేటప్పుడూ ఇదే తంటా.

ఇక మిగిలిన ‘తమ్’. ‘రైట్ హియర్’ అంటే ‘తమ్ బురదా’. బురద ఎక్కడని చూడకండి, ఇక్కడ అని అర్థం. ‘ఆల్ రైట్’ అంటే ‘తమామ్’. తెలంగాణలో తమాం అంటే మొత్తం. వాళ్లకు మొత్తం అయిపోయిందంటే సరే అన్నమాట. ఇంతవరకూ పెద్ద విశేషం లేదు.

విశేషం ఏమంటే, ఇంగ్లీషు ‘రైట్’ పెట్టి నొక్కి చెప్పే చాలా చోట్ల తెలుగుకు విడిమాట అక్కర్లేదు. ‘రైట్ ఇన్ ద మిడిల్’ అన్నది నట్టనడుమ. ‘రైట్ ఎట్ ది ఎండ్’ అన్నది చిట్టచివర. చిన్నయసూరి బాలవ్యాకరణంలో ద్విరుక్తటకారం అన్నది ఇదే. మాట మొదటి అచ్చు నిలుపుకుని, వెంట జంట టకారం తెచ్చుకుని, అసలు మాట ముందు నిలబడుతుంది. మొట్టమొదట, కట్టకడ, పట్టపగలు. టర్కీ కూడా సరిగ్గా ఇదే చేస్తుంది, టకారానికి బదులు మ, ప, ర, స లలో ఒకటి పెట్టి. ‘దిక్’కి దిమ్‌దిక్, నిట్టనిలువు. ‘దోరు’కి దోస్‌దోరు, తిన్నతిన్నగా. ‘బెయాజ్’ అంటే తెలుపు, బెంబెయాజ్ అంటే తెల్లతెల్లని. అన్నిటికీ మించి ‘గ్యున్దుజ్’ అంటే పగలు, గ్యుపెగ్యున్దుజ్ అంటే పట్టపగలు. ఇంగ్లీషు మీదుగా పోతే ఈ రెండింటికీ మధ్య ‘బ్రాడ్ డేలైట్’ అనే వెడల్పాటి పగలొకటి వచ్చి కూర్చుంటుంది. దాన్ని లేపేసి రెండు మాటలనూ పక్కపక్కన పెట్టుకోవచ్చు.

అయితే నియమం చెప్పేసి నిఘంటుకారుడు చేతులు దులుపుకోలేడు. టర్కీలో ఏ మాటకు మకారం వస్తుందో, ఏ మాటకు సకారం వస్తుందో ముందుగా చెప్పే సూత్రం లేదు, చెవికి అలవాటు కావాలి. అందుకే నిఘంటువులో ఒక్కొక్కదాన్నీ విడి పదంగా ఎక్కించాలి. తెలుగులోనూ అంతే. నడుమకు నట్టనడుమ ఉంది కదా అని పక్కకు పట్టపక్క కట్టలేం. చిన్నయసూరి కూడా సూత్రంతో సరిపెట్టకుండా ‘కడాదులు’ అని ఒక గుంపునే పట్టుకున్నాడు. ఎవరైనా తెలుగు-టర్కీ నిఘంటువుకు పూనుకుంటే, ఈ రెండు జాబితాలనూ పక్కపక్కన రాసుకుని పని మొదలుపెట్టవచ్చు.