తెరమీది గాల్ఫు పచ్చిక



గాల్ఫు క్రీడయందు గుంటచుట్టును నున్నగా కత్తిరించిన పచ్చికకు గ్రీను అని పేరు. దాని వాలును ఆటగాడు కంటితోను, పాదములతోను గ్రహింపవలెను.

2011లో వెలువడిన ‘టైగర్ వుడ్స్ పి.జి.ఎ. టూర్ 12’ అను వీడియో ఆటకై అమెరికాలోని ఆగస్టా మైదానమును లేజరు కిరణములతో కొలిచిరి. మిట్టపల్లములు తెరకెక్కినవి. కాని తెర చదునైనది, పాదములకచ్చట పనిలేదు. అందుచే గ్రీనుపై గళ్లు గీసి, గీతలవెంట చుక్కలను పరుగెత్తించి వాలును చూపుదురు. దయయే! అయినను వాలు చదువుటయే గదా అసలు విద్య? గళ్లు చూచి లెక్కగట్టువానికి ఆగస్టాయు అంకగణితమే. గళ్లను తొలగించినచో వచ్చునది మైదానపు కష్టము కాదు, చూపు చాలని కష్టము.

వేగము మాట వేరు. 1935లో ఎడ్వర్డు స్టింప్సన్ రూపొందించిన గాడిబద్దనుండి జారిన బంతి ఎన్ని అడుగులు దొర్లునో అదియే గ్రీను వేగము. ఆ అంకె పెరిగినకొలది అదే వాలు బంతిని మరింత ప్రక్కకు లాగును. గళ్లున్నను చేయి తడబడును.