నిద్రలో నిలిచిన ఊపిరి

ఇంటిలో ఎవరైన పెద్దగా గురక పెట్టినచో కుంభకర్ణుడని నవ్వుకొనుట మనకు అలవాటు. గురక గాఢనిద్రకు గుర్తని నమ్ముదుము. కాని ఆ గురక నడుమ హఠాత్తుగా ఆగి, కొన్ని క్షణములకు ఉలికిపాటుతో ఊపిరి మరల అందుకొన్న చప్పుడు వినిపించినచో, అది నవ్వవలసిన విషయము కాదు. ఆ నిశ్శబ్దములో నిద్రించువారి ఊపిరి నిలిచిపోయి యుండవచ్చును.

నిద్రలో గొంతు కండరములు సడలును. కొందరిలో నాలుక మొదలును, మెత్తని అంగిలియు వెనుకకు జారి గాలిదారిని మూసివేయును. రొమ్ము ఎగసిపడుచునే యుండును. గాలి మాత్రము లోనికి పోదు. రక్తములో ప్రాణవాయువు తగ్గగా, మెదడు క్షణకాలము మేల్కొని గొంతును తెరపించును. పది సెకండ్లు గాని అంతకు మించి గాని ఊపిరి ఆగుట, లేక బాగుగా తగ్గుట, గంటకు 5 పర్యాయములకు చేరినచో వైద్యులు దానిని లెక్కలోనికి తీసికొందురు. 30కి చేరినచో తీవ్రమందురు. దీనికే స్లీప్ ఆప్నియా అని పేరు. రోగికి ఇదేమియు జ్ఞాపకముండదు. ఉదయమున తలనొప్పి, పగటివేళ కునుకుపాట్లు మాత్రము మిగులును. ఆ కునుకు బండి నడపునపుడు వచ్చినచో ప్రమాదము ఒక్కరితో ఆగదు.

ఒకప్పుడు ఈ వ్యాధి ముదిరినవారికి మెడ వద్ద శ్వాసనాళమునకు రంధ్రము చేయుటయే ముఖ్యమైన చికిత్స. ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున కోలిన్ సల్లివన్ అను వైద్యుడు వేరొక మార్గము కనుగొనెను. ముడుచుకొన్న సంచిలో ఊదినచో అది విచ్చుకొనును గదా! అట్లే ముక్కు ద్వారా కొద్దిపాటి ఒత్తిడితో ఎడతెగక గాలిని పంపి గొంతు మూసికొనకుండ నిలిపెను. ఐదుగురు రోగులలో కనబడిన ఫలితమును ఆయన, ఆయన సహచరులు 1981లో 'లాన్సెట్' పత్రికలో ప్రకటించిరి. నేడు సీపాప్ అనుచున్న యంత్రమునకు ఇదియే మూలము.

ఇది పనిచేయునా? ధరించినంతసేపు నిస్సందేహముగా పనిచేయును. గుండె లేక మెదడు రక్తనాళముల జబ్బు గల 2,717 మందిపై జరిగిన పరిశీలన 2016లో వెలువడినది. యంత్రము వాడినవారిలో గంటకు 29గా నున్న ఆటంకములు 4 కంటె తక్కువకు దిగినవి. పగటి మగత తగ్గినది, మనస్సు తేటపడినది. కాని గుండెపోటు, పక్షవాతము వంటివి తగ్గినట్లు తేలలేదు. వారు దానిని ధరించినది సగటున రాత్రికి 3.3 గంటలే యని గమనింపవలెను. 1993లో అమెరికాలో 35 మందిని పరిశీలింపగా, నూటికి 60 మంది ప్రతిరాత్రి వాడుచున్నామనిరి. నూటికి 70 రోజులైనను, రోజునకు కనీసము 4 గంటలు వాడినవారు 16 మంది మాత్రమే.

అర్ధరాత్రి ముసుగు తీసివేసి, సగము నిద్రయైనను దక్కినది గదా యని తృప్తిపడుట పొరపాటు. కలలు వచ్చు నిద్ర తెల్లవారుజామున అధికము. కండరములు మిక్కిలి సడలునది అప్పుడే. కనుక పలువురికి కాపుదల ఎక్కువ అవసరమైన వేళ అదియే.

మా మిత్రులొకరు యంత్రమును కొని, పది దినములు వాడి, అటక యెక్కించిరి. నోరెండుచున్నదనియు, ముక్కు ఒరసికొనిపోవుచున్నదనియు వారి మొర. గాలికి తేమ చేర్చు అమరిక, ముఖమునకు సరిపోవు ముసుగు, ఒత్తిడిని మెల్లమెల్లగా పెంచు ఏర్పాటు ఉన్నవని వారికి ఎవరును చెప్పలేదు. ఇల్లాలు పట్టుబట్టి వైద్యుని యొద్దకు మరల తీసికొనిపోగా, ముసుగు మార్చిరి. నేడు వారు ఉదయమున మా కంటె ముందే లేచుచున్నారు.

ఆగిన ఊపిరిని నిద్రించువారు వినలేరు, ప్రక్కనున్నవారే వినవలెను. ఈ రాత్రి మీ ఇంటి గురక నడుమ నిశ్శబ్దము వినబడినచో నవ్వి ఊరకుండకుడు, వైద్యునికి చెప్పుడు. యంత్రము అటకపై నున్నచో, క్రిందికి దింపుడు.