లాప్‌టాప్‌లో రెండు పైథాన్లు

ఉపకార వేతనం అందుకుంటున్న విద్యార్థులకు అభినందనలు. తల్లిదండ్రులు కూడా కాస్త వినండి, ఇందులో మీరు అప్పు చేసి కొన్న లాప్‌టాప్ సంగతి ఉంది.

ఉబుంటు ఉన్న కంప్యూటర్‌లో పైథాన్ ముందే ఉంటుంది. అది మన పాఠాల కోసం పెట్టింది కాదు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ల వంటి సిస్టమ్ పనులు దాని మీద ఆధారపడి ఉంటాయి. కొత్త వెర్షన్ కావాలని దాని స్థానంలో మరొకటి పెడితే అవి మొరాయిస్తాయి. ఒక్కోసారి టెర్మినల్ కూడా తెరుచుకోదు. ప్రాజెక్టు ఇవ్వవలసిన వారంలో ఇలా జరిగి, ఫార్మాట్ చేయించి, ఫైళ్ళన్నీ పోగొట్టుకున్న పిల్లలను చూశాను.

ఇక బ్లెండర్ సంగతి. యానిమేషన్ నేర్చుకునేవారు వాడే ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ తన పైథాన్‌ను తానే వెంట తెచ్చుకుంటుంది. ఉబుంటు 24.04లో ఉన్నది పైథాన్ 3.12, బ్లెండర్ 4.2తో వచ్చేది 3.11. ఉమ్మడి ఇంట్లో ఎవరి పచ్చడి జాడీ వారిదన్నట్టు! అందుకే మామూలుగా పిప్‌తో ఇన్‌స్టాల్ చేసిన మాడ్యూల్ బ్లెండర్‌కు కనబడదు. "ఇప్పుడే చేశానుగా, లేదంటుందేమిటి సార్?" అని అడుగుతారు. చేసింది వేరే జాడీలో. బలవంతాన దారి చూపించినా, 3.12 కోసం కంపైల్ చేసిన మాడ్యూల్ సాధారణంగా 3.11లో లోడ్ కాదు.

బ్లెండర్‌ను దాని అధికారిక సైటు నుంచి తెచ్చి హోమ్ ఫోల్డర్‌లో విప్పుకోండి. అడ్మిన్ పాస్‌వర్డ్ అక్కర్లేదు. లోపల 4.2 అనే ఫోల్డర్, అందులో పైథాన్, అందులో బిన్ ఉంటాయి. మాడ్యూల్ కావాలంటే అక్కడి పైథాన్‌నే పూర్తి చిరునామాతో పిలిచి, దానితో పిప్ నడపండి. స్క్రిప్టును బ్లెండర్‌కే అప్పగించండి. విండో తెరవకుండా నడిపే సదుపాయం కూడా ఉంది. ఆ బిన్‌ను మాత్రం శాశ్వతంగా పాత్‌లో ముందు పెట్టకండి.

మామూలు కాలేజీ ప్రాజెక్టుకైతే 2012లో పైథాన్ 3.3తో వచ్చిన వెన్వ్ చాలు. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి సిస్టమ్ పైథాన్‌లోకి పిప్‌ను నేరుగా రానివ్వడం లేదు, ఉబుంటు కూడా అంతే. ఆ అడ్డు దాటడానికి ఒక ఆప్షన్ ఉంది. దాని పేరుకు అర్థమే 'సిస్టమ్ ప్యాకేజీలను విరగ్గొట్టు' అని. ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెబుతారు?

బ్లెండర్‌లో ఏదైనా తేడా వస్తే ఆ ఒక్క ఫోల్డర్ తీసేసి మళ్ళీ విప్పుకోవచ్చు. మీ ప్రాజెక్టు ఫైళ్ళు మాత్రం దాని బయట ఉంచుకోండి.