పదిహేను గడులు

(దేవాలయ వార్షికోత్సవ సందర్భంగా జరిగిన యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



వైద్యవిద్యలో చేరదలచిన మన పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు ఆదేశించారు. ప్రవేశపరీక్షను గూర్చి, మార్కులను గూర్చి నేను చెప్పనక్కరలేదు. మీ ఇళ్ళలో ఆ మాటలు ప్రతి రాత్రీ భోజనాల వేళ వినబడుతూనే ఉంటాయి. మీ తల్లిదండ్రులకు స్వానుభవం లేని ఒక్క విషయానికే నేను పరిమితమవుతాను. దరఖాస్తులో మీరు చేసిన పనులను పేర్కొనవలసిన భాగం ఒకటి ఉన్నది. అందులో ఏది వ్రాయాలి, ఏది మానాలి?

తల్లిదండ్రులకు అనుభవం లేదనడం నిష్ఠూరం కాదు. మా కాలంలో ఆంధ్రదేశంలో వైద్యకళాశాల సీటు ఎంసెట్ ర్యాంకును బట్టి వచ్చేది. ఇప్పుడు ఎంసెట్ స్థానంలో నీట్ వచ్చినా ర్యాంకుదే రాజ్యం. నీవు ఎవరికి అన్నం వడ్డించావు, ఏ రోగి పక్కన కూర్చున్నావు అని మమ్మల్ని ఎవరూ అడగలేదు. అందువల్ల ఇక్కడి దరఖాస్తును చూసినప్పుడు మా తరం వారికి మొదట "ఈ గొడవంతా ఎందుకు?" అనిపిస్తుంది. ఆ వెంటనే "సరే, ఉండాలంటే ఎన్ని ఎక్కువ ఉంటే అంత మంచిది కదా" అనిపిస్తుంది. ఆ రెండవ ఆలోచన వలన జరిగే నష్టమే ఎక్కువ.

మన ఊరిలో ఈ ప్రశ్న ఇప్పుడు గుమ్మంలోకి వచ్చి నిలిచింది. 2025 జూలైలో బెంటన్‌విల్‌లోనే ఆలిస్ ఎల్. వాల్టన్ వైద్యకళాశాల 48 మంది విద్యార్థులతో తొలి తరగతిని ప్రారంభించింది. మొదటి ఐదు తరగతుల వారికి ట్యూషన్ ఫీజు లేదు. ఈ మాట తెలిసిన నాటి నుండి నాకు వచ్చే ఫోన్లకు లెక్క లేదు. "అమ్మాయి ఇంట్లో ఉండే చదువుకోవచ్చు కదా డాక్టరుగారూ" అంటారు. ఆశ సహజమే. కాని దేశం నలుమూలల నుండి పిల్లలు కోరుకునే ఆ కొద్ది సీట్లకు మన పిన్‌కోడ్ అర్హత కాదు.

ఇక దరఖాస్తు సంగతి. ఆ కళాశాలకైనా, లిటిల్ రాక్‌లోని రాష్ట్ర వైద్య విశ్వవిద్యాలయానికైనా, ఎం.డి. డిగ్రీ ఇచ్చే ఇతర కళాశాలలలో అత్యధికభాగానికైనా దరఖాస్తు ఆమ్‌కాస్ అనే ఒకే కేంద్రం ద్వారా వెళుతుంది. అందులో పనులకు పదిహేను గడులు మాత్రమే ఇస్తారు. ఒక్కొక్క గడిలో పని పేరు, అది ఏ వర్గానికి చెందినది, ఎప్పటి నుండి ఎప్పటి వరకు చేశారు, ఎన్ని గంటలు, దానిని ఎరిగిన వ్యక్తి ఎవరు అన్న వివరాలతో పాటు వర్ణనకు ఖాళీలతో కలిపి 700 అక్షరాలు. పదిహేనింటిలో మూడింటి వరకు అత్యంత సార్థకమైనవిగా ఎన్నుకోవచ్చు. వాటికి ఒక్కొక్కదానికి అదనంగా 1325 అక్షరాలు. చేసిన గంటలు వేరు, ఇకముందు చేయబోయే గంటలు వేరుగా చూపాలి. దరఖాస్తు సమర్పించిన తరువాత ఈ భాగాన్ని దిద్దుకోవడానికి వీలు లేదు. ఇందులోనిదంతా సత్యమని సంతకం చేసేది మీరే.

పదిహేను గడులున్నాయి కదా అని పదిహేనూ నింపవలసిన పని లేదు. తొమ్మిదితో సీటు సంపాదించిన పిల్లలను నేను ఎరుగుదును. ఖాళీ గడి ఎవరినీ నొప్పించదు. ఒకే ఒక్క పూట చేసిన పనితో నింపిన గడి మాత్రం మిగిలిన వాటి మీద కూడా అనుమానపు నీడ వేస్తుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఈ ఊరికి రాక పూర్వం వేరొక రాష్ట్రంలో ఒక సాంస్కృతిక సంఘంలో యువజనుల సేవాపత్రాలపై సంతకం చేసే బాధ్యత నాది. మిత్రుల కుమారుడు ఒకడు పత్రం తెచ్చాడు. అన్నదానంలో 150 గంటలు అని ఉంది. పిల్లవాడు మంచివాడు, తెలిసిన కుటుంబం. లెక్క చూడకుండా సంతకం పెట్టాను. ఆ తరువాత ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన ఆ అబ్బాయిని ఎంతో ఆప్యాయంగా అడిగారట: "మీరు వారానికి ఎంతమందికి వడ్డిస్తారు? ఏమి వండుతారు? ఒకవేళ అన్నం తక్కువైతే ఏమి చేస్తారు?" నిజంగా నూటయాభై గంటలు ఆ వంటశాలలో నిలబడినవాడు నిద్రలో కూడా చెప్పగల విషయాలవి. ఇతడు చెప్పలేకపోయాడు. తిరిగివచ్చి నాతో అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "ఆంటీ, ఆ నంబరు నాది కాదు. అమ్మ వేసింది." వాడు వెళ్ళినది మూడు పూటలు. ఆ కళాశాల వారు కాదన్నది ఆ ఒక్క కారణం చేతనే అని నేను చెప్పలేను. కాని ఆ కుర్రవాడు తన వాస్తవమైన పనులను గూర్చి మాట్లాడవలసిన సమయాన్ని నా సంతకాన్ని కాపాడడానికి ఖర్చు పెట్టాడు. నాకు అది చాలు.

ఆనాటి నుండి లెక్క లేని పత్రంపై నేను సంతకం చేయడం లేదు. అందువల్ల రెండు కుటుంబాలతో మాటలు కొంత కాలం నిలిచిపోయాయి కూడా. ఇప్పటికీ ఉగాది నాడు ఒకరు నన్ను చూసి పచ్చడి గిన్నె వైపు తిరిగిపోతారు.

గంటలు లెక్కవేయడం కష్టం కాదు. శనివారానికి రెండు గంటలు, ఏడాదికి నలభై వారాలు, మూడేళ్ళు: 240. పరీక్షల కాలంలో మానుకున్న వారాలు తీసివేయండి. శ్రీరామనవమి నాడు ఉదయం నుండి సాయంత్రం వరకు ఉంటే అందులో భోజనానికి, స్నేహితులతో ఫోటోలకు పోయిన సమయం తీసివేయండి. వచ్చినది చిన్న సంఖ్య అయినా అది మీది.

మన ఇళ్ళలో తరచుగా జరిగే మరొక సంగతి ఉంది. వేసవి సెలవులలో గుంటూరులోనో కర్నూలులోనో మామయ్యగారి నర్సింగ్‌హోంకు వెళ్ళి రెండు వారాలు ఉంటారు. మామయ్య ముద్దుగా మేనల్లుడి చేతికి సూది ఇస్తాడు, ఒక కుట్టు వేయిస్తాడు. తిరిగివచ్చి దానిని వైద్యసేవ అని గొప్పగా వ్రాస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఇక్కడ మీకు అనుమతి లేని పనిని వేరొక దేశంలో రోగిపై చేయకూడదని అమెరికా వైద్యకళాశాలల సంఘమే మార్గదర్శకాలు ఇచ్చి ఉన్నది. ఆ కుట్టు మీకు గొప్ప కావచ్చు. బల్ల మీద పడుకున్న కూలీమనిషికి తన శరీరం మీద నేర్చుకుంటున్నది ఇంకా డిగ్రీ మొదలుపెట్టని పిల్లవాడని ఎవరైనా చెప్పారా? ప్రవేశసంఘంలో కూర్చున్నవారు వేసే మొదటి ప్రశ్న అదే. అక్కడ పక్కన నిలబడి చూసినదాన్ని చూసినట్లుగానే, షాడోయింగ్ అనే వర్గంలో వ్రాయండి. ఒక్క గదిలో ఒక్క పూటలో అరవై మంది రోగులను మామయ్య ఎలా చూస్తాడో గమనించి ఉంటే, అది చెప్పుకోదగిన సంగతే.

ఇంతవరకు మానవలసినవి చెప్పాను. మన పిల్లలు వ్రాయవలసి ఉండి వ్రాయనివి ఇంతకంటె ఎక్కువ.

కొన్నాళ్ళ క్రితం ఒక అబ్బాయి తన దరఖాస్తు చిత్తుప్రతిని నాకు చూపించాడు. ప్రయోగశాల పరిశోధన, రెండు క్లబ్బులు, ఒక పరుగుపందెం, ఆసుపత్రిలో స్వచ్ఛంద సేవ, అన్నీ ఉన్నాయి. చదువుతూ ఉంటే మనిషి కనబడలేదు. "సాయంత్రం పూట ఏమి చేస్తావు నాయనా?" అని అడిగాను. "ఏమీ లేదు ఆంటీ, బామ్మ దగ్గర ఉంటాను" అన్నాడు. అమ్మానాన్నలు ఉద్యోగాల నుండి వచ్చే దాకా మూడేళ్ళుగా బామ్మకు చక్కెర పరీక్ష చేయడం, ఇన్సులిన్ వేళకు గుర్తుచేయడం, వారానికి సరిపడా మాత్రలు డబ్బాలో సర్దడం, పాదాలకు పుండ్లు ఏమైనా పడ్డాయేమో చూడడం ఇతని పని. ఒకసారి ఆవిడ మాట తడబడితే చక్కెర పడిపోయిందని గ్రహించి పంచదార నీళ్ళు త్రాగించి, తరువాత తల్లికి ఫోన్ చేశాడు. "మరి ఇది ఎందుకు వ్రాయలేదు?" అన్నాను. "అది యాక్టివిటీ కాదు కదా, మా బామ్మ" అన్నాడు.

ఆ జవాబు నాకు ఎంత నచ్చిందో అంత బాధ కలిగించింది. ఇంట్లో పెద్దలను చూసుకోవడం సేవ అని పేరు పెట్టుకునే అలవాటు మనకు లేదు. అది మన సంస్కారం. కాని చదివేవారికి మీ ఇల్లు కనబడదు. "ఇతరములు" అనే వర్గం ఉన్నది. అందులో దానిని వ్రాయవచ్చు. ఎరిగిన వ్యక్తిగా ఇంటివారి పేరు ఇవ్వక తప్పదు, ఫరవాలేదు. అతడు ఆ గడినే అత్యంత సార్థకమైనదిగా ఎన్నుకున్నాడు. బామ్మను వ్రాతపూర్వకంగా అడిగి అనుమతి తీసుకోమన్నాను. ఆవిడ "నా రోగం గురించి నలుగురికీ చెబుతావురా?" అని రెండు రోజులు ఆలోచించి, తెలుగులో సంతకం చేసి ఇచ్చారట. రోగి ఎవరైనా, వ్రాసే ముందు ఆ జాగ్రత్త తప్పదు.

ఇదే కోవలో జీతం తీసుకొని చేసిన పని. తండ్రి నడిపే పెట్రోలు బంకులో రాత్రి కౌంటరు దగ్గర నిలబడడం, దుకాణంలో సరుకులు సర్దడం చిన్నతనం అనుకొని దాస్తారు. దరఖాస్తులో వేతన ఉద్యోగానికి ప్రత్యేక వర్గమే ఉన్నది. అలసిన మనిషి, కోపంగా ఉన్న మనిషి, డబ్బు తక్కువైన మనిషి ఎలా మాట్లాడతారో ఆ కౌంటరు నేర్పినంతగా ఏ క్లబ్బూ నేర్పదు.

దాచడం నాకు కొత్త కాదు. 1990 మే నెలలో కృష్ణా ముఖద్వారం దగ్గర పెనుతుపాను తీరం దాటినప్పుడు నేను వైద్యవిద్యార్థిని. సహాయ శిబిరంలో పన్నెండు రోజులు ఉప్పు-పంచదార ద్రావణం కలిపి, నీటిలో క్లోరిన్ వేసి, బిడ్డలను పోగొట్టుకున్న తల్లుల పక్కన ఏమీ చేయలేక కూర్చున్నాను. కొన్నేళ్ళకు ఈ దేశంలో రెసిడెన్సీకి దరఖాస్తు పెట్టినప్పుడు స్వచ్ఛంద సేవ అన్న గడి ఎదురైంది. ఖాళీగా వదిలేశాను. చెప్పుకుంటే పుణ్యం పోతుందని మా అమ్మమ్మ అనేది. ఇంటర్వ్యూలో మాటల మధ్య తుపాను సంగతి వచ్చింది. ఎదుటి వైద్యురాలు కలం క్రింద పెట్టి, "ఇది కాగితం మీద ఎందుకు లేదు?" అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. చెప్పుకోవడానికీ డప్పు కొట్టుకోవడానికీ నడుమ తేడా ఉన్నదని నాకు తెలియడానికి అంత కాలం పట్టింది.

మన దేవాలయంలో చేసిన పనిని ఎలా వ్రాయాలన్నది చాలామంది అడిగే ప్రశ్న. అర్కాన్సాస్‌లో హిందూ దేవాలయమని వ్రాస్తే ఏమనుకుంటారో అని కొందరు "కమ్యూనిటీ సెంటర్" అని మార్చి వ్రాస్తున్నారు. దేవాలయమని వ్రాయండి. అయితే చదివేవారికి అన్నదానమంటే తెలియదు, ప్రసాదమంటే తెలియదు. ఒక్క వాక్యంలో విప్పి చెప్పండి. "భారతీయ విలువల ద్వారా నాయకత్వ లక్షణాలు పెంపొందించుకున్నాను" వంటి వాక్యం 700 అక్షరాలలో అనవసరంగా స్థలం తింటుంది. మీలో ఒక అమ్మాయి వ్రాసినది, ఆమె అనుమతితో, నా మాటలలో చెబుతాను. మొదటి ఏడాది కూరగాయలు తరిగింది. ఒక రోజు వడ్డన వరుసలో ఒక తల్లి, తన బిడ్డకు జీడిపప్పు పడదు, పులిహోరలో ఏమున్నది అని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. మరుసటి వారం నుండి ఈ అమ్మాయి వంటవారిని అడిగి ప్రతి పాత్ర ముందు చీటీ పెట్టడం మొదలుపెట్టింది: ఇందులో వేరుశెనగ, ఇందులో పాలు, ఇందులో గోధుమ. వంటచేసే పెద్దావిడ మొదట కోప్పడ్డారు, "నా వంట మీద అనుమానమా?" అని. ఇప్పుడు ఆవిడే చీటీలు అడుగుతున్నారు. ఇంతే. ఇందులో నాయకత్వం అన్న పదం లేదు.

కూచిపూడి, సంగీతం ప్రశ్నకు జవాబు చిన్నది. హైస్కూలుతో ఆగిపోయినదైతే వదిలేయండి; ఇప్పటికీ చేస్తూ ఉంటే వ్రాయండి; చిన్నపిల్లలకు నేర్పుతూ ఉంటే బోధన క్రింద వ్రాయండి. మనబడి తరగతులలో సహాయం చేసేవారికీ ఇదే వర్తిస్తుంది.

ఇంకా డిగ్రీ మొదటి ఏడాదిలో ఉన్నవారికి ఒక మాట. మన గోడల మధ్యనే ఉండిపోకండి. ఇరవై మైళ్ళ దూరంలో స్ప్రింగ్‌డేల్‌లో మార్షల్ దీవుల నుండి వచ్చిన కుటుంబాలు వేలాదిగా ఉన్నాయి. మన వాళ్ళలాగే వాళ్ళనూ మధుమేహం పీడిస్తున్నది, మన బామ్మలలాగే వాళ్ళ పెద్దలకూ వైద్యుని భాష అర్థం కాదు. బామ్మ పాదాలు చూసిన కళ్ళకు అక్కడ పని ఉంటుంది.

చివరగా ఒక ప్రకటన. వచ్చే శనివారం నుండి వంటశాల తలుపు పక్కన ఒక పెద్ద నోటుపుస్తకం, దారంతో కట్టిన కలం ఉంటాయి. పేరు, తేదీ, వచ్చిన వేళ, వెళ్ళిన వేళ, చేసిన పని. ఐదు గళ్ళు గీయించాను. ఎవరి గంటలు వారే, అదే రోజున, స్వహస్తాలతో వ్రాయాలి. తెలుగులో వ్రాసినా ఇంగ్లీషులో వ్రాసినా సమ్మతమే. అమ్మలు వ్రాయకూడదు.