టిక్కెట్టు కొనువాడు, టిక్కెట్టు కోయువాడు
(పఠనమందిర సభలో చేసిన ప్రసంగపాఠము)



పరదేశీయులు వచ్చి తమ పనులను హరించుచున్నారను మాట బ్రిటిషు రాజకీయములలో నేటికిని వినవచ్చుచున్నది. దానికి ప్రత్యుత్తరము ఆ దేశపు బస్సుల చరిత్రలోనే కలదు.

రెండవ ప్రపంచ యుద్ధానంతరము లండను బస్సులకు పనివారు చాలలేదు. 1956లో లండన్ ట్రాన్స్‌పోర్టువారే బార్బడోసు ద్వీపమునకు పోయి మనుష్యులను పిలిచి తెచ్చిరి. వారు పిలువని పేరంటమునకు వచ్చినవారు కారు.

బ్రిస్టలు నగరమున వేఱొక నీతి నడచెను. నల్లవాడు టిక్కెట్టు కొని బస్సెక్కవచ్చును. టిక్కెట్టు కోయుటకు మాత్రము తగడు! ఛార్జీ పుచ్చుకొనుటకు లేని అభ్యంతరము జీతమిచ్చుటకేల? ఈ దోషము కంపెనీది మాత్రమే కాదు. రంగుజాతులవారిని బస్సు సిబ్బందిగా చేర్చుకొనరాదని 1955లో తీర్మానించినది కార్మిక సంఘశాఖయే.

1963లో గై బెయిలీ యను యువకుని ఇంటర్వ్యూకు రమ్మన్న కంపెనీ, అతడు జమైకావాడని తెలియగానే పొమ్మనెను. పాల్ స్టీఫెన్సన్ మొదలగువారు ఏప్రిలు 30 మొదలు బస్సులను బహిష్కరించిరి. బహిష్కారమన నేమో మనకు వేఱుగా చెప్పనక్కఱలేదు. నాలుగు నెలలకు, ఆగస్టు 28న, కంపెనీ దిగివచ్చెను. సెప్టెంబరు 17న తెల్లవాడు కాని తొలి కండక్టరుగా చేరినవాడు మన భారతీయుడే: రఘుబీర్ సింగు.

న్యాయవాదులమగు మేము శాసనబలము నెఱుగనివారము కాము. కాని ఉద్యోగములలో వర్ణభేదమును నిషేధించు చట్టము 1968లో గాని రాలేదు. చట్టమునకు ముందు ప్రజలు నడచిరి.

నేడు తెలుగుబిడ్డలనేకులు బ్రిటనులో పనిచేయుచున్నారు. వారి హక్కు దొరల దయ కాదు. నాడు బస్సెక్కక నడచినవారి ఋణము. శ్రమ కావలెను, శ్రామికుడు వలదను న్యాయము ఏ దేశమున వినబడినను దానిని నిరాకరించుటయే ఆ ఋణము తీర్చు మార్గము.