ద్రవమును పీల్చి సముద్రములో మునుగవచ్చునా?

నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్‌ల నుండి సాయంకాలము ట్యాంక్‌బండ్ మీదికి షికారు పోవువారికి హుస్సేన్‌సాగరములోని బుద్ధవిగ్రహము సుపరిచితమే. 1990 మార్చిలో దానిని తరలించుచున్న పడవ ఒరిగి పలువురు మరణించిరి. నీట మునిగిన విగ్రహము 1992 డిసెంబరులో గాని పీఠమెక్కలేదు. పేరు సాగరమే యైనను ఆ చెరువు ఎక్కువలో ఎక్కువ సుమారు 10 మీటర్ల లోతు. ఆ లోతుననే మనుష్యునిపై ఒత్తిడి గట్టుమీది దానికి రెండింతలు. సముద్రములో ప్రతి 10 మీటర్లకును మరియొక వాయుమండలపు భారము చేరుచుండును.

ఆ భారమునకు తగినట్లు గాలిని గూడ అదిమి పీల్చవలెను. అప్పుడు అందలి నత్రజని రక్తములో కరగును. 30 మీటర్లు దాటిన పిమ్మట అది కల్లువలె మత్తెక్కించును. త్వరపడి పైకి వచ్చినచో, గోలీసోడా కొట్టినట్లు దేహములో బుడగలు లేచి ప్రాణము మీదికి తెచ్చును. గాలికి బదులు ద్రవమునే ఊపిరితిత్తులలో నింపినచో? ద్రవము అణగదు, నత్రజని బెడదయు లేదు. ఆలోచన మంచిదే.

కడుపులోని బిడ్డ నీటిలోనే యున్నది గదా యని మన ఇండ్లలో పెద్దవారందురు. నిజమే. కాని ఆ బిడ్డకు ప్రాణవాయువు బొడ్డుత్రాడు ద్వారా తల్లినుండి వచ్చుచున్నది. ఊపిరితిత్తులకు అప్పటికింకను ఉద్యోగము లేదు.

మామూలు నీటిలో ప్రాణవాయువు మిక్కిలి తక్కువగా కరగును. 1962లో హాలెండు శాస్త్రజ్ఞుడు కీల్‌స్ట్రా, హెచ్చు ఒత్తిడితో ప్రాణవాయువు నింపిన ఉప్పునీటిలో చిట్టెలుకలను ముంచి, అవి కొంతకాలము నీటినే పీల్చి బ్రతుకుట చూపెను. 1966లో అమెరికాలో క్లార్క్, గొల్లాన్‌లు ఫ్లోరోకార్బన్ అను ద్రవమును వాడిరి. లీటరు ద్రవములో దాదాపు అరలీటరు ప్రాణవాయువు ఇముడును. అందుచే హెచ్చు ఒత్తిడితో పనిలేకయే ఎలుకలు బ్రతికినవి. 1989 నాటి ‘ది అబిస్’ అను ఆంగ్ల చిత్రమును మన క్రాస్‌రోడ్ల సినిమా ప్రియులు కొందరు చూచియుందురు. అందులో ఎలుక ద్రవమును పీల్చుట నిజము. నటుడు పీల్చుట నటన.

మనుష్యునికి చిక్కు ఎచ్చట? ప్రాణవాయువు లోనికి పోవుట సులభమే. బొగ్గుపులుసు వాయువు వెలికి రావలెను గదా! 70 కిలోల మనుష్యుడు కదలక పరుండినను, దానిని కడిగివేయుటకు నిమిషమునకు 5 లీటర్ల ద్రవము లోనికి పోయి వెలికి రావలెను. ఈ ద్రవము నీటికంటె సుమారు 1.8 రెట్లు బరువు. అనగా నిమిషమునకు 9 కిలోలు! మన రొమ్ము కండరములు గాలిని తోడుటకు పుట్టినవి గాని ఇంతటి మోతకు గాదు. పనిచేయువానికి అంతకు ఎన్నో రెట్లు కావలెను. యంత్రముతో తోడవచ్చునందురా? గొంతులో గొట్టము దించి, మత్తుమందిచ్చి, మంచముపై పరుండబెట్టిన వానికి అది చెల్లును. సముద్రపుటడుగున మరలు బిగింపబోవువానికి చెల్లునని మాకు నమ్మకము లేదు.

వైద్యులకును ఇది ఆశ చూపినది. 1989లో ఫిలడెల్ఫియాలో, నెలలు నిండక పుట్టి ఊపిరితిత్తులు సరిగా విచ్చుకొనని శిశువులకు ఈ ద్రవమునిచ్చుట ప్రారంభించిరి. ఊపిరితిత్తులు కొంత మెరుగుపడినవి. ఐనను ఆ తొలి పసికందులు దక్కలేదు. తరువాత పెద్దలపై జరిపిన పరీక్షలలోను మామూలు చికిత్సను మించిన మేలు కానరాలేదు.

సముద్రములో పనిచేయువారు నేటికిని వాయువునే నమ్ముకొని యున్నారు. విశాఖపట్టణపు హిందుస్థాన్ షిప్‌యార్డు కట్టిన ‘నిస్తార్’ నౌక 2025 జూలైలో అచ్చటనే నౌకాదళమున చేరినది. 300 మీటర్లదాక మనుష్యులను దింపుటకు అందు ఏర్పాట్లు కలవు. అంత లోతునకు దిగువారు నత్రజనికి బదులు హీలియము కలిపిన వాయువును పీల్తురు. ముందుగా ఒత్తిడిగల గదిలో కాపురముండి, పని ముగిసిన పిమ్మటను దినముల తరబడి ఆ గదిలోనే మెల్లమెల్లగా ఒత్తిడి దింపుకొని గాని ఇంటిముఖము చూడరు.