మథర్‌వెల్ బడి పిల్లవాడు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పూర్వ విద్యార్థులంటే డాక్టర్లూ, అమెరికా వాళ్లేనా అంటూ కార్యదర్శిగారు నన్ను మైకు దగ్గరికి తోశారు. బడి జట్టులో స్టాపర్‌గా ఆడినవాణ్ణి. ఇంకో స్టాపర్ గురించే చెబుతాను.

స్కాట్లండులో మథర్‌వెల్ ఒకప్పుడు ఉక్కు కర్మాగారాల ఊరు. అక్కడి అవర్ లేడీస్ హైస్కూల్లో చదివాడు బిల్లీ మెక్‌నీల్. 1957లో గ్లాస్గోలోని సెల్టిక్ క్లబ్బులో చేరి 1975 దాకా అక్కడే ఆడాడు. 790 మ్యాచ్‌లు!

దేశం తరఫున తొలి మ్యాచ్ 1961లో, వెంబ్లీలో. ఇంగ్లండు 9–3 తేడాతో ఓడించింది. జిల్లా పోటీల్లో మా జట్టు ఆరు గోల్సు తింటే నేను వారం రోజులు బడికి మొహం చాటేశాను. మాస్టార్లకు గుర్తుండే ఉంటుంది. ఆయన మాత్రం దేశానికి మరో 28 మ్యాచ్‌లు ఆడాడు.

1965 స్కాటిష్ కప్ ఫైనల్లో డన్‌ఫర్మ్‌లిన్ మీద 2–2తో ఆట బిగిసినప్పుడు కార్నర్ బంతిని తలతో కొట్టి గెలిపించాడు. 1967 మే 25న లిస్బన్‌లో ఇంటర్ మిలాన్‌ను 2–1తో ఓడించి, బ్రిటన్ నుంచి యూరోపియన్ కప్పు నెగ్గిన తొలి జట్టుకు కెప్టెన్ అయ్యాడు. ఆ పదకొండుమందీ తమ మైదానానికి 30 మైళ్ల లోపల పుట్టినవాళ్లే. మరుసటి ఏడాది ఆ కప్పు మాంచెస్టర్ యునైటెడ్‌కు వెళ్లింది. ఆ జట్టు మేనేజర్ మాట్ బస్బీ కూడా ఆ బడిలోనే చదివాడు! ఆ బడి పూర్వ విద్యార్థుల సభలో కూర్చోవాలని నాకో కోరిక.

ఇక మన టీచర్లు వినాల్సిన సంగతి. మెక్‌నీల్‌కు మతిమరుపు జబ్బు, డిమెన్షియా, వచ్చిందని 2017లో ఇంటివాళ్లు చెప్పారు. 2019 ఏప్రిల్‌లో, 79వ ఏట పోయాడు. అదే ఏడాది గ్లాస్గో విశ్వవిద్యాలయం వాళ్లు 7,676 మంది మాజీ ఆటగాళ్ల రికార్డులు పరిశీలించారు. ఇలాంటి మెదడు జబ్బులతో చనిపోయే ముప్పు మామూలు జనంకన్నా వీళ్లకు మూడున్నర రెట్లు ఎక్కువట. తర్వాత చూస్తే డిఫెండర్లకే అందరికన్నా ఎక్కువ. ఆయనకు బంతి వల్లే వచ్చిందని నేననను. కానీ 2020 నుంచి స్కాట్లండులో 12 ఏళ్ల లోపు పిల్లలకు శిక్షణలో హెడ్డింగు మాన్పించారు.

మన డ్రిల్లు మాస్టారితో నిన్ననే మాట్లాడాను. ఆరో తరగతి పిల్లలకు ఇకమీదట హెడ్డింగు ప్రాక్టీసు ఉండదు. రేపటి పాత విద్యార్థుల మ్యాచ్‌కు ఆ షరతు లేదు. మా వయసులో మేం కొడితే బంతి తలదాకా ఎగిరితేగా!